తిరిగొచ్చిన గొంతు

బ్యాకప్ ఎన్నాళ్ళకొకసారి తీయాలి, తీసింది ఎక్కడ దాచాలి అన్న మాట మీద ఒక ఆదివారం పొద్దున గుంటూరు బ్రాడీపేటలో, ఇందుమతి ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. పెసరట్లు చల్లారిపోయాయి గానీ మాట తెగలేదు.

పంచాయితీలో ఉన్నది ముగ్గురే. ఇందుమతి స్పీచ్ థెరపిస్టు. ఆమె తమ్ముడు ఫణీంద్ర ఇంజనీరు. మూడో మనిషి ఆమె భర్త పురుషోత్తం, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. నాలుగేళ్ళ కిందట గొంతు క్యాన్సరొచ్చి ఆయన స్వరపేటిక మొత్తం తీసేశారు. అయినా ఆ పొద్దున అందరికన్నా ఎక్కువ మాట్లాడుతున్నది ఆయనే.

మాట్లాడించేది ఆయన మెడకున్న పట్టీ. గొంతు పోయినా గొంతుకొచ్చే నరాలు పోవు. మనిషి మాట్లాడదామనుకోగానే మెదడు పంపే కబురు ఆ నరాల చివరిదాకా వచ్చి, తలుపు మూసున్న ఇంటి ముందు నిలబడినట్టు నిలబడిపోతుంది. ఫణీంద్ర చేసిన పట్టీ ఆ కబురు అందుకుని మాటగా మారుస్తుంది. ఆపరేషనుకు ముందే నాలుగు రోజులు మనిషిని కూర్చోబెట్టి చదివించి, నవ్వించి, తిట్టించి, ఇంట్లో వాళ్ళని పిలిపించి అతని గొంతును సర్వరుకు నేర్పుతారు. ఆపరేషనయ్యాక ఆరునెలలపాటు నరమూ సర్వరూ ఒకదాన్నొకటి నేర్చుకుంటాయి. ఆ తర్వాత ఆ మనిషి తన సొంత గొంతుతోనే మాట్లాడతాడు. జలుబు చేస్తే బొంగురుపోయేంత సొంతం.

భర్త కోసం మొదలుపెట్టిన పని భర్తతో ఆగలేదు. బ్రాడీపేట నాలుగో లైనులో మేడ మీద రెండు గదులు తీసుకుని 'మాటామంతీ' అని బోర్డు పెట్టారు. మూడేళ్ళలో నలభై ఒక్క మంది అయ్యారు. నలభై ఒక్క గొంతులూ ఆ గదిలోని సర్వరులోనే ఉంటాయి. ఒక్కొక్కరి జేబులో ఉండే చిన్న పెట్టె ఒక రోజుకు సరిపడా గొంతునే మోస్తుంది. తెల్లవారుజామున అది నిన్నటిది తుడిచేసుకుని సర్వరునుంచి కొత్తది దింపుకుంటుంది.

"మూడు కాపీలు అక్కా," అన్నాడు ఫణీంద్ర. "ఒకటి నడిచేది. ఒకటి పక్క మెషిన్లోకి రోజూ. ఇంకోటి వారానికోసారి ఊరవతలికి."

"ఊరవతలంటే ఎక్కడ?"

"మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టరా ఫణీ," అన్నాడు పురుషోత్తం. "నరసరావుపేట రోడ్డులో మా స్టూడెంటొకడు మేనేజరు. అక్కడ కరెంటు పోదు, వేడెక్కదు. కాకపోతే నా గొంతు కాస్త ఘాటెక్కిద్ది, అంతేగా!"

ఇందుమతి నవ్వింది. ఫణీంద్ర నవ్వలేదు.

"అసలు సంగతి అది కాదు బావా. తీసిన కాపీ తిరిగి పనిచేస్తుందో లేదో నెలనెలా పెట్టి చూడాలి. పెట్టి చూడని కాపీ ఉన్నట్టు కాదు. ఉందనుకుంటున్నట్టు."

సరేనన్నారు. మొదటి నెల కస్టమర్లలో ముగ్గుర్ని పిలిచారు. అప్పుడుగానీ ఇందుమతికి ఆ పరీక్ష ఎలాంటిదో తెలియలేదు. నడుస్తున్న గొంతును ఆపి, దాని స్థానంలో కాపీని తెచ్చి పెట్టినప్పుడు నరం ఉలిక్కిపడుతుంది. మెడలోపల పచ్చికారం పోసినట్టు మండుతుంది. ఆ మంట తగ్గేదాకా, అంటే సగం రోజు, మాట రాదు.

ఆ ముగ్గురిలో సలోమి ఒకతె. తాడికొండ దగ్గర చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. యాభై దాటింది. కుర్చీ చేతులు పట్టుకుని శబ్దం లేకుండా ఏడ్చింది. శబ్దం వచ్చే దారి ఆ పూట మూసి ఉంది మరి. రెండో అతను షేక్ నాగూర్ వలీ, మిర్చి యార్డులో వేలం పాట పాడేవాడు. మంట ఓర్చుకున్నాడు గానీ మర్నాడొచ్చి నిలదీశాడు.

"మేడమ్ గారూ, నిన్న యార్డువాళ్ళు నా బదులు ఇంకొకణ్ణి పెట్టి పాట పాడించారు. నెలకో రోజు నోరు మూసుకు కూర్చునేవాణ్ణి యార్డులో ఎవరుంచుకుంటారు చెప్పండి? గొంతిచ్చారు, దణ్ణం పెడతా. మళ్ళా తీసుకోమాకండి."

ఆ సాయంత్రం ఇందుమతి తమ్ముడితో అంది, "కస్టమర్లని బాధపెట్టే పని నావల్ల కాదురా. ఒక్కసారి పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళు. నెలనెలా మళ్ళీ పోగొట్టుకోమంటే ఎట్లా?"

"మరెవరి మీద చూద్దాం?"

"నేనున్నానుగా," అన్నాడు పురుషోత్తం. "నాకు క్లాసులు మూడురోజులే. మొదటి శనివారం పెట్టుకోండి. మా ఇంట్లో బాధ మా ఇంట్లోనే ఉండిద్ది."

ఫణీంద్రకు మనసొప్పలేదు. "బావ ఒక్కడి మీద చూస్తే బావ ఒక్కడిదే తెలుస్తుంది అక్కా."

"అన్నీ ఒకే మెషిన్లోంచేగా పోయేది? ఒకటి సరిగ్గా ఉంటే అన్నీ ఉన్నట్టే," అందామె.

అలా రెండేళ్ళు గడిచాయి. ప్రతి నెలా మొదటి శనివారం పురుషోత్తం గదిలో కూర్చునేవాడు. ఫణీంద్ర కాపీ పెట్టేవాడు. ఇందుమతి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునేది. మంట తగ్గాక సాయంత్రం ఆయన మొట్టమొదట "ఇందూ" అని పిలిచేవాడు. ఆ పిలుపు వినగానే ఫణీంద్ర రిజిస్టరులో టిక్కు పెట్టేవాడు. ఇరవై నాలుగు నెలలు, ఇరవై నాలుగు టిక్కులు.

మధ్యలో ఒక సంగతి జరిగింది. వేరే రాష్ట్రంలో ఎవరో ఇలాంటి గొంతుల్నే దొంగిలించి, చనిపోయినవాళ్ళు ఫోను చేసినట్టు చేసి ఇళ్ళవాళ్ళని మోసగించారని పేపర్లో వచ్చింది. కస్టమర్లు హడలిపోయారు. నాగూర్ వలీ స్వయంగా వచ్చి, "నా గొంతుతో ఎవడన్నా యార్డులో పాట పాడితే నా బతుకేం గాను?" అన్నాడు. ఫణీంద్ర వారం రోజులు కూర్చుని గొంతులన్నిటికీ తాళాలు వేశాడు. తాళం చెవి లేకుండా కాపీ దొరికినా అది పనికిరాని చెత్త. ఎవరి తాళం వాళ్ళది. వేసేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ పరీక్షలో లాగే సగం రోజు మంట భరించాలి. నలభై మందీ వచ్చి భరించారు. దొంగల భయం అంతటిది.

పురుషోత్తానిది మాత్రం మిగిలిపోయింది. ఆ వారంలోనే ఆయన నెలవారీ పరీక్ష కూడా పడింది.

"బావది కూడా రేపు వేసేస్తాను అక్కా."

"మొన్ననేగా అంత మంట పడ్డాడు! రేపే మళ్ళీనా? ఆయన గొంతు ఎవరెత్తుకుపోతార్రా, ఫిజిక్సు పాఠాలు చెప్పుకోడానికా? వదిలెయ్యి."

ఫణీంద్ర వదిలేశాడు. తాళం చెవులన్నీ సర్వరులోనే పెట్టాడు. వాటికి వేరే కాపీ తీసి ఇంకోచోట పెట్టాలనుకుంటూనే ఉన్నాడు. అక్కతో ఒకసారి అన్నాడు కూడా. ఆమె "అట్లాగే చెయ్యి" అంది. ఎప్పుడు అని ఆమె అడగలేదు, ఇప్పుడే అని అతననలేదు. నెలనెలా పరీక్ష పాసవుతూనే ఉంది, ఎందుకంటే ఆ పరీక్ష తాళంలేని ఒకే ఒక్క గొంతు మీద జరుగుతోంది. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. తెలిసిన ముగ్గురిలో ఎవరికీ దాని అర్థం తట్టలేదు.

రోహిణీకార్తెలో ఒక మధ్యాహ్నం రెండింటికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది. ఆ దెబ్బకు పైగదిలో ఏసీ కాలి, సర్వరు కాలి, పక్కనున్న మెషిను కూడా కాలింది. ఫైరింజను వచ్చేసరికి గోడలు నల్లబడి ఉన్నాయి. మనుషులకేమీ కాలేదు.

అరగంటలో ఫోన్లు మొదలయ్యాయి. కస్టమర్లందరి గొంతులూ బాగానే ఉన్నాయి. జేబుల్లో పెట్టెలున్నాయిగా, తెల్లవారేదాకా అవి మాట్లాడతాయి.

"బ్యాకప్పు ఉంది గదా మేడమ్?" అని అడిగాడు నాగూర్ వలీ.

"ఉందండీ. కోల్డ్ స్టోరేజీలో భద్రంగా ఉంది. భయపడాల్సిందేమీ లేదు."

"మీరు చెప్పారు, చాలు," అని పెట్టేశాడు.

ఆ మాటే ఆమె ఆ మధ్యాహ్నం ముప్ఫైసార్లన్నా చెప్పింది. చెప్పినప్పుడల్లా తనకే ధైర్యం వచ్చింది. ఇంతకాలం పడ్డ శ్రమకు ఫలితం ఈ రోజు కనపడుతోందనుకుంది.

సాయంత్రం ఆరింటికి ఫణీంద్ర కోల్డ్ స్టోరేజీనుంచి కాపీలున్న డబ్బా పట్టుకొచ్చాడు. ఒంటినిండా మిర్చి ఘాటు. డైనింగ్ టేబుల్ మీద అరువు లాప్‌టాప్ పెట్టి, అలవాటు ప్రకారం బావ ఫైలే తెరిచాడు. అది చక్కగా తెరుచుకుంది. పురుషోత్తం కుర్చీలో కూర్చున్నాడు. మంట వచ్చింది, తగ్గింది. రాత్రి పదకొండు దాటాక ఆయన "ఇందూ" అన్నాడు. ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. విజయవాడనుంచి కొత్త సర్వరు పొద్దున ఎనిమిదింటికి వస్తుంది. తెల్లవారుజామునుంచి ఎనిమిదిదాకా, ఆపైన కాపీ పెట్టిన మంట తగ్గేదాకా మాట ఉండదు, కంగారు పడొద్దని అందరికీ కబురు పెట్టారు. ఇందుమతి ఆ పూట కడుపునిండా అన్నం తింది.

పొద్దున కొత్త సర్వరు వచ్చింది. తొమ్మిదికల్లా ఫణీంద్ర మొదటి ఫైలు తెరిచాడు. తాళం అడిగింది. రెండోది తెరిచాడు. అదీ తాళమే అడిగింది. అతని చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఏమైందిరా?"

అతను ఇంకో నాలుగు ఫైళ్ళు గబగబా తెరిచి చూశాడు.

"ఫణీ, ఏమైంది?"

"తాళం చెవులు పైగదిలో ఉన్నాయక్కా," అన్నాడు. "కాలిపోయిన దాంట్లో."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అడిగిన మొదటి మాట, "జేబు పెట్టెలు?"

"తెల్లారగట్ల తుడిచేసుకున్నాయి." అతను టేబులు మీద తల ఆనించాడు. "నిన్న మధ్యాహ్నం అందర్నీ ఆ పెట్టెలు పట్టుకుని రమ్మని ఉంటే, నలభైకి నలభై దొరికేవి. పధ్నాలుగు గంటలు టైముంది మనకి. మనం బావది పెట్టి చూసి, అన్నం తిని పడుకున్నాం."

గొంతు పోతే ఇంకో గొంతు నేర్పుకోవచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. కుదరదు. ఆరునెలలు కూర్చుని ఒకదానికి ముడిపడ్డ నరం మళ్ళీ ఇంకోదానికి ముడిపడదు. ఎవరి గొంతు తెచ్చి పెట్టినా మంట వస్తుందేగాని మాట రాదు. ఫణీంద్ర ముగ్గురి మీద ప్రయత్నించి మానుకున్నాడు. ఆ నలభై మందికీ పట్టీ ఇక మెడకు బరువే.

పదకొండో రోజున అందర్నీ కొత్తపేటలో ఒక కల్యాణమండపం కిందిహాలుకు పిలిచారు. పిలవొద్దని లాయరు చెప్పాడు. ఇందుమతి వినలేదు. మొహం చూపించకుండా ఎట్లా అంది.

నలభై మందీ వచ్చారు. తోడుగా ఇంటికొకరు. ఇనపకుర్చీల్లో కూర్చున్న అంతమంది జనం అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఫ్యాన్లు తిరిగే చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఆమె మైకు పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పబోయింది. నాలుగు మాటలయ్యేసరికి మైకు దించేసింది.

అప్పుడు పురుషోత్తం లేచాడు. ఆమె వద్దని చెయ్యి ఊపేలోపే మైకు అందుకున్నాడు.

"అందరికీ నమస్కారం. నేను ఇందుమతి భర్తని..."

ముప్ఫైయేళ్ళు పాఠం చెప్పిన గొంతు. నిండుగా, స్పష్టంగా, హాలు నాలుగు మూలలకూ వినిపించింది. ముందు వరసలో సలోమి తల ఎత్తింది. ఆ గొంతు వింటున్న ఆమె మొహంలో మొదట కనపడింది కోపం కాదు, ఆకలి. ఆ తర్వాతే కోపం వచ్చింది.

ఇనపకుర్చీ మీద టంగుమని దెబ్బ వినిపించింది. నాగూర్ వలీ. స్కూటరు తాళాలగుత్తి పట్టుకుని కుర్చీ చేతిమీద కొడుతున్నాడు. పక్కనున్నతను గ్లాసు తీసుకున్నాడు. ఇంకొకరు చేతికర్ర నేలకేసి కొట్టారు. నిమిషంలో హాలంతా ఇనుము మోత. పురుషోత్తం నోరు కదులుతూనే ఉంది, ఒక్క మాటా వినపడలేదు. ఆయన ఆగిపోయి, మైకు కింద పెట్టి కూర్చున్నాక మోత కూడా ఆగింది.

నాగూర్ వలీ భార్య మస్తాన్‌బీ లేచి నిలబడింది. అరిచి మాట్లాడలేదు.

"ఒక్కటి చెప్పండి మేడమ్. అందరి గొంతులకీ తాళాలేశారు గదా. మీ ఆయన గొంతుకెందుకు ఏయలేదు?"

ఇందుమతి అబద్ధం చెప్పొచ్చు. పాతరకం ఫైలని, మర్చిపోయామని చెప్పొచ్చు. లాయరు నేర్పింది అదే.

"తాళం వేసేటప్పుడు మంట పుడుతుంది. అంతకు రెండురోజుల ముందే ఆయనకి పరీక్ష అయింది. మళ్ళీ అంత నొప్పి ఎందుకని నేనే వద్దన్నాను."

మస్తాన్‌బీ భర్త భుజం మీద చెయ్యి వేసింది.

"మా ఆయనకీ పుట్టిద్ది గదమ్మా నొప్పి. ఏయించుకున్నాడు గదా."

నెలనెలా ఆ పరీక్ష మంట ఆయనే పడ్డాడనీ, మీ అందరి బదులూ పడ్డాడనీ చెప్పాలని ఇందుమతి నోటిదాకా వచ్చింది. చెప్పింది కూడా. చెప్తున్నప్పుడే ఎవరూ నమ్మరని తెలిసిపోయింది. పడ్డ బాధకు రుజువు రిజిస్టరులోని టిక్కులు. ఆ టిక్కులన్నీ ఆయన పేరు పక్కనే ఉన్నాయి. ఎవరు చూసినా, సొంతమనిషిది నెలనెలా సరిచూసుకుని పరాయివాళ్ళవి గాలికొదిలేశారనే అంటారు. అన్నారు కూడా.

జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. పోతూ పోతూ మెడపట్టీలు విప్పి మైకు టేబులు మీద పెట్టిపోయారు. ఫణీంద్ర వాటిని గోనెసంచిలో వేసుకుని స్కూటరు మీద ఇంటికి తెచ్చాడు.

'మాటామంతీ' బోర్డు దించేశారు. ఫణీంద్ర ఆ తాళాలు విరగ్గొడతానని కూర్చున్నాడు. తాను వేసినవే, తనకే లొంగలేదు. గట్టిగా వెయ్యమని అడిగినందుకు గట్టిగానే వేశాడు. ఆరునెలలయ్యాక కళ్ళకింద నల్లచారలతో హైదరాబాదులో ఏదో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. డబ్బా వెంట తీసుకెళ్ళాడు. ఆదివారాలు ఇంకా ప్రయత్నిస్తూనే ఉంటానన్నాడు. ఆ మాట తర్వాత అక్కకు ఫోను చెయ్యడం తగ్గించాడు.

నాగూర్ వలీ యార్డులో కాటాల దగ్గర చీటీలు రాసే పనికి మారాడు. అతని పాట ఇప్పుడు వేరేవాడు పాడుతున్నాడు. ఒకసారి ఇందుమతి యార్డు గేటుదాకా వెళ్ళింది. ఆమెను చూసి అతను బస్తాల వెనక్కి తప్పుకున్నాడు.

ఇంట్లో పురుషోత్తం మాట్లాడుతూనే ఉన్నాడు. కాలేజీ మానేశాడు. మాట్లాడాలంటే వీధివైపు కిటికీలు మూసి, టీవీ కాస్త పెంచి మాట్లాడతాడు. ఒకరోజు మెడపట్టీ విప్పి టేబులు మీద పెట్టి, ఇక వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె దాన్ని తీసి మళ్ళీ ఆయన మెడకు కట్టింది.

"మీరు నోరు మూసుకుంటే వాళ్ళకి గొంతులొస్తాయా?" అంది కోపంగా.

"రావు. కానీ నేను మాట్లాడితే నీ మొహం ఎట్లా అవుతుందో నేను చూస్తున్నాను ఇందూ."

ఆమె ఆ మాటకు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన చెప్పింది నిజమే. ఆ గొంతు కోసమే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఇప్పుడది వినపడ్డప్పుడల్లా ఆమెకు హాలులో ఆ ఇనపమోత వినిపిస్తోంది.

ఆమెకు తెలిసిన పాత విద్య ఒకటి మిగిలింది. పట్టీలు రాకముందు గొంతు పోయినవాళ్ళకు నేర్పేవారు. గాలి మింగి, తేనుపులా పైకి తెచ్చి, ఆ తేనుపుతోనే మాట పలకడం. ముతగ్గా, కప్పలా, మొగో ఆడో తెలియని గొంతు. ఇందుమతి నలభై ఇళ్ళ తలుపులూ తట్టింది. ముప్ఫైనాలుగిళ్ళు తలుపు తెరవలేదు. ఆరిళ్ళు తెరిచాయి. ఆఖరికి నిలిచింది ఒక్క సలోమి.

సలోమి ఎందుకు ఒప్పుకుందో ఇందుమతికి తెలియదు. క్షమించినట్టేమీ లేదు. కుర్చీ వేస్తుంది, మంచినీళ్ళిస్తుంది, మొహం మాత్రం తిప్పి ఉంచుతుంది. వారానికి మూడురోజులు తాడికొండ బస్సెక్కి పోయి, పొద్దున పదినుంచి పన్నెండుదాకా నేర్పేది. మొదటి రెండునెలలు ఉత్త గాలే. మూడో నెలలో 'ప', 'త', 'క'. నాలుగో నెలలో 'పాప', 'కాకి'. పాట సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆ గొంతుకి పాట రాదని ఇద్దరికీ తెలుసు.

ఐదో నెలలో ఒక బుధవారం సలోమి తను రాసి చూపించే పలక పక్కకు తోసేసింది. తనే ఏదో చెప్పబోతున్నట్టు చెయ్యెత్తి ఆగమంది. గాలి మింగింది. ఒకసారి తప్పిపోయింది. రెండోసారి వచ్చింది.

"మీ ఆయన... మాట్టాడతన్నాడా?"

ఆమె నోట నిండుగా వచ్చిన మొదటి వాక్యం అది. చక్కగా పలికారమ్మా అని చెప్పడం టీచరుగా ఇందుమతి పని. అది వదిలేసి అడిగినదానికే జవాబిచ్చింది.

"మాట్లాడుతున్నాడమ్మా."

సలోమి తలూపింది. మళ్ళీ గాలి మింగింది. ఈసారి మూడుసార్లు తప్పింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తేనుపు బలవంతాన తెస్తే వచ్చే నీళ్ళు. నాలుగోసారి పలికింది.

"ఏం... మాట్టాడతాడు?"

బయట ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు. ఇందుమతి తన చేతులకేసి చూసుకుంది.

"నా పేరు పిలుస్తాడు," అంది.

సలోమి లేచి, చెప్పులు వేసుకోమన్నట్టు గుమ్మంకేసి చూపించింది. పన్నెండింటికి ఇంకా గంట ఉంది. ఇందుమతి సంచి సర్దుకుని బయటికొచ్చింది. గేటుదగ్గర ఆగి, "శుక్రవారం రమ్మంటారా?" అని అడిగింది.

లోపలినుంచి తలుపు మూసుకుంది.

శుక్రవారం ఇందుమతి తాడికొండ బస్సెక్కింది.